గేటు దగ్గర మూడో కాఫీ

పోలీసు బూటు తగిలి మెవ్లిదా కాఫీ కాచే జెజ్వా బోర్లా పడింది. పొడుగు పిడి ఉన్న ఆ రాగి గిన్నెలో అప్పుడే పొంగిన కాఫీ ఇటుకల ఫ్యాక్టరీ గేటు ముందు దుమ్ములో కలిసిపోయింది. పొరపాటున తగిలిందన్నట్టు మొహం పెట్టాడు ఆ పోలీసు. రెండో జెజ్వాని మాత్రం గురి చూసి తన్నాడు. మూడోది నాది. దాన్ని చటుక్కున ఎత్తి పట్టుకున్నాను. వేళ్ళు కాలుతున్నా వదల్లేదు.

తర్వాత వాళ్ళ అధికారి ఒక కాగితం చదివాడు. ఇకనుంచి ఫ్యాక్టరీ ముందు ఎవరూ గుమిగూడకూడదట. ప్రజాశాంతికి భంగమట. ముసలాళ్ళం, పీటలేసుకుని కాఫీ తాగుతున్నవాళ్ళం, మా వల్ల శాంతికి భంగం! ఆ గేటు లోపల మట్టిగుంటలో మనుషుల్ని పూడ్చిన రోజున ఎవరి శాంతికీ ఏ భంగమూ కలగలేదు కాబోలు.

నా పేరు జిల్హా. బోస్నియాలోని ఈ గ్లినిక ఊళ్ళో పుట్టాను, ఈ ఫ్యాక్టరీ బట్టీ దగ్గర పనిచేసి నడుం వంచుకున్నాను. యుద్ధం మొదలైన వేసవిలో యూనిఫాంలు తొడుక్కున్నవాళ్ళు దీన్ని జైలు చేశారు. మసీదు వైపు వీధుల్లోని మగవాళ్ళని ఇళ్ళలోంచి లాక్కొచ్చి, ఇటుకలు ఆరబెట్టే షెడ్లలో కుక్కారు. కొందరు తిరిగొచ్చారు. నా భర్త రాలేదు. చాలా ఏళ్ళకి ఏటి పక్క అడవిలో దొరికాడు, దొరికినంత మేరకు. అయినా నాకో సమాధి ఉంది. బైరామ్ పండక్కి వెళ్ళి పక్కన కూర్చోవడానికి ఒక రాయి ఉంది. మెవ్లిదాకి అదీ లేదు. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఎల్మెద్ ఆ గేటు లోపలికి వెళ్ళాడు, మళ్ళీ బయటికి రాలేదు. అతని ఎముకలు తెచ్చి మట్టిలో సరిగ్గా పడుకోబెట్టి తను పోవాలి. ఆమెకి ఈ లోకంతో మిగిలిన పని అదొక్కటే.

యుద్ధం అయ్యాక ఫ్యాక్టరీ కొన్నాళ్ళు మళ్ళీ నడిచింది. ఆ గుంటలోంచే మట్టి తవ్వారు, ఆ బట్టీలోనే కాల్చారు. కాలిపోయిన మా ఇళ్ళని ఆ ఇటుకలతోనే తిరిగి కట్టుకున్నాం. వేరే ఇటుకలు ఎక్కణ్ణుంచి తెస్తాం? కట్టుకున్నాక ఎవరికో ఆ ఆలోచన వచ్చింది, ఈ మట్టిలో మా వాళ్ళూ కలిసున్నారేమోనని. వచ్చినవాళ్ళు దాన్ని లోపలే దాచుకున్నా బాగుండేది, ఊరంతా పాకింది. అప్పట్నుంచి గ్లినికలో కొత్త గోడకి ఎవరూ మేకు కొట్టరు. ఫోటోలన్నీ బల్లల మీదా బీరువాల మీదా ఆనించే ఉంటాయి. చలికాలంలో గోడలు చెమరుస్తాయి. ఇంజనీరుని అడిగితే తేమ అన్నాడు. తేమే అయ్యుంటుంది. మెవ్లిదా మాత్రం మెత్తటి గుడ్డ తెచ్చి, జ్వరం వచ్చిన పిల్లాడి మొహం తుడిచినట్టు ఆ గోడ తుడుస్తుంది.

మొదట్లో గేటు ముందు అట్టలు పట్టుకుని నిలబడేవాళ్ళం. నిలబడ్డవాళ్ళని పొమ్మనడం తేలిక. అప్పుడు మెవ్లిదాకే తట్టింది, కూర్చుని కాఫీ పెట్టుకుందామని. మా బోస్నియాలో కాఫీ తాగుతున్న మనిషిని లెమ్మనడం కంటే తప్పుడు పని లేదు. ఇంటికొచ్చిన మనిషికి మేం మూడు కాఫీలు ఇస్తాం. మొదటిది రమ్మనడానికి. రెండోది మాట్లాడుకోవడానికి. మూడోది పొమ్మనడానికి. పొమ్మని నోటితో అనే అలవాటు మాకు లేదు. మొదటి రెండూ జెజ్వాతో తెచ్చి ముందు పెడతాం, వచ్చినవాళ్ళే తాపీగా వంపుకుంటారు. మూడోది కప్పులో పోసేసి తెస్తాం. అది చూడగానే వచ్చినవాళ్ళు గబగబా తాగేసి చెప్పులు వెతుక్కుంటారు.

ప్రతి శనివారం పొద్దున గేటు దగ్గర రెండు కాఫీలయ్యేవి. మూడోది ఏనాడూ పెట్టలేదు. పెడితే లోపలున్న మా వాళ్ళని కూడా పొమ్మన్నట్టవుతుందని భయం. ముందు పోయినవాళ్ళ పేర్లు చెప్పుకునేవాళ్ళం, తర్వాత బతికున్నవాళ్ళ గోడు. జీతాలు ఎగ్గొట్టిన దర్జీ ఫ్యాక్టరీ ఆడవాళ్ళు వచ్చారు. గుడిసెలు కూల్చేస్తే రోడ్డున పడ్డ రోమా తెగ కుటుంబాలు వచ్చాయి. తుజ్లా పట్నం నుంచి విద్యార్థులు వచ్చి మానవహక్కుల గురించి పెద్దపెద్ద మాటలు చెప్పేవారు. ఆ మాటలు అర్థంకాకపోయినా, ఆ పిల్లలు కప్పులు కడిగి పెట్టి వెళ్ళేవారు, అది మాకు అర్థమయ్యేది. చర్చి వైపు వీధుల నుంచి కూడా ఒకళ్ళిద్దరు తలొంచుకుని వచ్చి చివరి పీట మీద కూర్చునేవారు. ఎవరి దేవుడు ఎవరని మేం అడగలేదు.

మెవ్లిదా తన ఇత్తడి కాఫీ మర తెచ్చుకుని అక్కడే పిడి తిప్పుతూ గింజలు పొడి చేసేది. చిన్నప్పుడు ఎల్మెద్ ఆ మర చప్పుడుకే నిద్ర లేచేవాడట. ఆమె చెయ్యి ఆపాక కూడా ఒక్కోసారి షెడ్ల వైపు నుంచి ఆ చప్పుడు ఇంకాస్త సేపు వినిపించేది. నేను యూనియన్ మనిషిని, దెయ్యాలూ గియ్యాలూ నమ్మను. కానీ విన్నాను. నా పక్కన కూర్చున్నవాళ్ళూ విన్నారు. ఆ సంగతి మాట్లాడుకునేవాళ్ళం కాదు.

ఇప్పుడీ నిషేధం ఎందుకొచ్చిందో చెప్తాను. మూతపడ్డ ఫ్యాక్టరీని కాంట్రాక్టర్ స్లావిషా కొన్నాడు. మట్టిగుంట చుట్టూ చదును చేసి కాంక్రీటు పోసి, పెద్ద గోడౌన్ కడతాడట. గుంట తవ్వి చూడమని మేం కోర్టులో వేసిన అర్జీ ఇంకా తేలలేదు. తేలేలోపు కాంక్రీటు పడిపోవాలి. ఒకసారి పడితే ఇక దాన్ని పగలగొట్టి వెతికేది ఎవరు? శనివారం లారీలు వస్తున్నాయని తెలిసింది. శుక్రవారం యూనియన్ హాల్లో మీటింగు పెట్టాం.

హాలు కిక్కిరిసింది. స్లావిషా తరఫున మాట్లాడ్డానికి వచ్చింది ఎవరనుకున్నారు? మా వాడే, ఫిక్రెత్. మసీదు వైపు వీధుల ఓట్లతో గెలిచిన నాయకుడు, ఎన్నికలొస్తే మా పోయినవాళ్ళ పేర్లు చెప్పి ఏడ్చేవాడు. గోడౌన్లో అతనికీ వాటా ఉంది. యుద్ధంలో ఒకడు మా వాళ్ళని చంపిన పక్షం, ఒకడు మేం చచ్చిన పక్షం. ఇప్పుడు ఇద్దరిదీ ఒకటే ఆఫీసు, ఒకటే బల్ల. డబ్బున్నవాడికి జాతి అక్కర్లేదు. మనకే దాన్ని అంటగట్టి, కొట్టుకు చావమని వదిలేస్తారు.

ఊరి పార్కులో పాలరాతి స్తంభం కట్టిస్తానన్నాడు ఫిక్రెత్. దాని మీద బంగారు అక్షరాలట. గాయాలు మానాలంటే గతాన్ని పూడ్చెయ్యాలన్నాడు.

"పూడ్చింది చాలదా నాయనా, ఇంకా పూడుస్తానంటావు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. హాలు గొల్లున నవ్వింది.

అప్పుడు కాంక్రీటు లారీ డ్రైవర్లు లేచారు. వాళ్ళలో ముందుండి మాట్లాడింది నెదెల్కో. చర్చి వైపు కుర్రాడు, మెవ్లిదా పక్కింటి రద్మిలా కొడుకు. యుద్ధం నాటికి ఉయ్యాల్లో ఉన్నాడు.

"జిల్హా పిన్నీ, నీ మీద నాకేం కోపం లేదు. కానీ రేపు లారీ ఆపితే ఎల్లుండి నన్ను పీకేస్తాడు. నాకిద్దరు పిల్లలు. మీ ఎముకలు నా పిల్లలకి అన్నం పెడతాయా?"

సగం హాలు నెదెల్కో వైపు అరిచింది, సగం మా వైపు. నాకు ఒళ్ళు మండింది. ఈ స్లావిషా నీకు కిందటి చలికాలం జీతం ఎగ్గొట్టినప్పుడు ఏ గేటు దగ్గరికొచ్చి ఏడ్చావురా, ఎవరు పోసిన కాఫీ తాగావు అని అడిగాను. వాడు తల దించుకున్నాడు. కానీ వాడడిగినదాంట్లో తప్పు లేదు. ఆకలి తప్పు మాట్లాడదు. మనల్ని ఒకళ్ళ మీదికి ఒకళ్ళని ఉసిగొల్పినవాడు ఆ పూట హాయిగా ఇంట్లో భోంచేస్తున్నాడు.

మెవ్లిదా లేచింది. ఆమె మీటింగుల్లో మాట్లాడే మనిషి కాదు.

"బాబూ నెదెల్కో, నీ పని ఆపమని నేను అడగను. పోసే ముందు ఒకసారి తవ్వమంటున్నాను. అంతే. నా బిడ్డ మీద లారీలు తిరుగుతుంటే నేనెట్లా పడుకోను?"

వెనక కుర్చీ ఒకటి కిర్రుమంది. నెదెల్కో తల్లి రద్మిలా లేచి, ఎవరి మొహమూ చూడకుండా బయటికి వెళ్ళిపోయింది. మెవ్లిదా ఆమె వైపు తిరగను కూడా లేదు.

ఆ ఇద్దరి సంగతి మీకు చెప్పాలి. గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు వాళ్ళవి. యుద్ధానికి ముందు ఒకళ్ళ కాఫీ లేకుండా ఇంకొకళ్ళకి తెల్లారేది కాదు. మగవాళ్ళని లాక్కెళ్ళిన రోజు మధ్యాహ్నం కూడా మెవ్లిదా ఎప్పటిలాగే రద్మిలా ఇంటికి వెళ్ళింది. మొదటి కాఫీ ఇంకా సగం కూడా తాగలేదు, రద్మిలా కప్పులో పోసిన కాఫీ తెచ్చి ముందు పెట్టేసింది. మూడో కాఫీ. మొహం కూడా చూడలేదట. ఇన్నేళ్ళ స్నేహం ఒక్క కప్పుతో తెగ్గొట్టింది, ఇక మీరు వేరు మేము వేరని చెప్పింది అనుకుంది మెవ్లిదా. ఆ కప్పు ముట్టలేదు. తలెత్తుకుని ఇంటికెళ్ళి, తలుపేసుకుని, నిల్వ పచ్చడికి మిరపకాయలు కాలుస్తూ కూర్చుంది. సాయంత్రం వచ్చి ఎల్మెద్‌ని తీసుకెళ్ళారు. తర్వాత ఎప్పుడైనా రద్మిలా గుమ్మందాకా వస్తే, మెవ్లిదా తలుపు తీసేది కాదు.

శనివారం వచ్చింది. ఎండ పొద్దున్నే మాడ్చేస్తోంది. గేటు ముందు పోలీసులు వరసగా నిలబడ్డారు. మేం వెళ్ళి రోడ్డుకి అడ్డంగా పీటలేసుకున్నాం. ఎంతమంది వచ్చారని నన్నడగొద్దు, పీటలు చాలక ఇటుకల మీద కూర్చున్నారు. అధికారి లేచిపొమ్మన్నాడు. ఇంకా మొదటి కాఫీ కూడా కాలేదు, తొందరేంటి నాయనా అన్నాను. నాలుగు లాఠీలు మా మీద పడ్డాయి, దర్జీ ఫ్యాక్టరీ పిల్ల ఒకతె తల పగిలింది. ఎవరూ లేవలేదు.

కాంక్రీటు లారీలు బారులు తీరి వచ్చాయి. మొదటి దాంట్లో నెదెల్కో. వెనక డ్రమ్ములు గిరగిరా తిరుగుతున్నాయి. ఆ వెనక కార్లోంచి స్లావిషా దిగాడు. తెల్లచొక్కా, నున్నటి గడ్డం. నేరుగా మెవ్లిదా దగ్గరికొచ్చి, చాలా మర్యాదగా వంగాడు.

"అమ్మా, మీ బాధ నాకు తెలుసు. కానీ మీ అబ్బాయి ఇక్కడ లేడు. ఉన్నాడంటున్నారే, చూసినవాళ్ళెవరు?"

చూసినవాళ్ళంతా గుంటలో ఉన్నారు. ఇన్నేళ్ళుగా మమ్మల్ని ఓడిస్తున్నది ఆ ఒక్క ప్రశ్నే.

"మా ఆయన చూశాడు" అంది వెనక నుంచి ఒక గొంతు.

రద్మిలా. ఒక చేతిలో పీట, ఇంకో చేతిలో జెజ్వా. జనం దారిచ్చారు. వచ్చి మెవ్లిదా పక్కన పీట వేసుకుంది, కానీ కూర్చోలేదు.

"మా స్తోయన్ ఇక్కడ ఎక్స్‌కవేటర్ నడిపాడు. వీపుకి తుపాకీ ఆనించి నడిపించారు. షెడ్ల వెనకాల, పగిలిన ఇటుకల కుప్ప ఉంది చూడండి, దాని కింద. తాగి తాగి చచ్చిపోయేదాకా నిద్దట్లో అదే చెప్పేవాడు. ఆ తుపాకీ పట్టుకున్నది ఎవరో నన్ను చెప్పమంటావా స్లావిషా, నువ్వే చెప్తావా?"

స్లావిషా నవ్వడానికి చూశాడు. ముసలావిడకి మతి తప్పిందన్నాడు. రద్మిలా అతని వైపు చూడ్డం మానేసి మెవ్లిదా వైపు తిరిగింది. ఆ తర్వాత అన్నది మాకెవరికీ కాదు, ఆమె ఒక్కదానికే. కానీ అంత జనంలో ప్రతి మాటా వినపడింది.

"అక్కా, ఆ రోజు వీడు మా వంటింట్లో కూర్చునున్నాడు. తుపాకీ బల్లమీద పెట్టుకుని, సాయంత్రం ఏ వీధి నుంచి మొదలెట్టాలో మా ఆయనకి చెప్తున్నాడు. తలుపు తీసే ఉంది. నోరెత్తితే వింటాడు. పారిపోమని నీకెట్లా చెప్పను? పిల్లాణ్ణి తీసుకుని ఊరొదిలిపో అని ఆ కప్పు తెచ్చి పెట్టాను. నువ్వు ఇంటికెళ్ళి తలుపేసుకున్నావు. గోడకి చెవి పెట్టి విన్నానక్కా. మిరపకాయలు కాలుస్తున్న వాసన వచ్చింది."

మెవ్లిదా మొహం చూడలేక నేను నేల చూశాను. ఒక్క కప్పుని ఒక్కలాగే చదవడం నేర్చుకున్నవాళ్ళం మేం. మర్యాద తెలిసిన మనిషి కాబట్టి అవమానపడింది, అవమానపడింది కాబట్టి కదల్లేదు. కదిలుంటే ఎల్మెద్‌కి ఇప్పుడు నడివయసు. పిల్లలుండేవారు. మెవ్లిదా చెయ్యి చాపి రద్మిలా మణికట్టు పట్టుకుని లాగి, పీట మీద కూర్చోబెట్టింది.

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదే?"

"మొదట భయమక్కా. తర్వాత నువ్వు తలుపు తియ్యలేదు."

అప్పుడు నెదెల్కో లారీ దిగాడు. వాడి మొహంలో నెత్తురు లేదు. తల్లి దగ్గరికి కాదు, స్లావిషా దగ్గరికి నడిచాడు. ప్లాను ప్రకారం రోడ్డు వైపు నుంచి పొయ్యాలి కదా, ముందు వెనక షెడ్ల దగ్గర ఆ కుప్ప చదును చేసి పోసెయ్యమని నిన్న సాయంత్రం నాకెందుకు చెప్పావు అని అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు. మిగతా డ్రైవర్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి విన్నారు. బండెక్కి పని చూసుకోమన్నాడు స్లావిషా.

నెదెల్కో బండెక్కాడు. తాళం తిప్పి ఇంజను ఆపాడు. డ్రమ్ము తిరగడం ఆగిపోయింది.

కాంక్రీటు పని తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఆ డ్రమ్ము తిరుగుతున్నంతసేపే లోపలిది పనికొస్తుంది. ఆగితే, అందులోనూ అంత ఎండలో, లోపలే బిగుసుకుపోతుంది. తర్వాత సుత్తులతో కొట్టుకోవాల్సిందే. స్లావిషా అరవడం మొదలెట్టాడు. రెండో లారీ ఆగింది. మూడోది ఆగింది. వెనకవాళ్ళు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఆపేసి, దిగొచ్చి, చేతులు కట్టుకుని మా వెనక నిలబడ్డారు. పొద్దున్నుంచీ చెవులు గింగురుమనిపించిన హోరంతా పోయి, గుంట మీద గాలి వినపడింది. లోపల కాంక్రీటు రాయి అవుతోంది.

మెవ్లిదా లేచింది. రద్మిలా తెచ్చిన జెజ్వాలో కాఫీ కాచింది. కప్పులో పోసింది. పోసిన కప్పు తీసుకెళ్ళి స్లావిషా మెరిసే బూట్ల ముందు నేలమీద పెట్టింది.

ఆ గేటు దగ్గర మేం పెట్టిన మొదటి మూడో కాఫీ అది. దాని అర్థం తెలియనివాడు అక్కడ ఒక్కడూ లేడు. చర్చి వాడైనా మసీదు వాడైనా, ఆ కాఫీ అందరి ఇళ్ళలోదీ. ఇక ఆడవాళ్ళంతా లేచారు. పోలీసుల ముందు, అధికారి ముందు, దూరంగా ఆగి చూస్తున్న ఫిక్రెత్ కారు ముందు వరసగా కప్పులు పెట్టుకుంటూ పోయాం. కిందటి శనివారం జెజ్వాలు తన్నిన పోలీసు ముందు నేను పెట్టాను. వాడు ఆ కప్పు వంక చూశాడు. దాన్ని తన్నలేకపోయాడు. ఒకడుగు వెనక్కి వేశాడు.

స్లావిషా కారెక్కాడు. వెళ్ళేముందు అధికారి చెవిలో ఏదో చెప్పాడు. పది నిమిషాల్లో రద్మిలా చేతులకి బేడీలు పడ్డాయి. అబద్ధపు నిందలు, అల్లర్లకి రెచ్చగొట్టడం అన్నారు. సాక్షిని వ్యానెక్కించారు. హంతకుడు కారెక్కి పోయాడు. మన రాజ్యాల న్యాయం ఏ దేశంలోనైనా ఇంతే కదా.

కానీ ఈసారి మేం ఇంటికి పోలేదు. సగం మందిని గేటు దగ్గర కాపలా ఉంచి, మిగిలినవాళ్ళం పీటలు చంకన పెట్టుకుని పోలీస్ స్టేషన్ దాకా నడిచాం. డ్రైవర్లు మా కంటే ముందు నడిచారు. రేపు నీ ఉద్యోగం ఏమవుతుందిరా అని నెదెల్కోని అడిగాను. "పీకేస్తాడు పిన్నీ. పీకనీ. ఆ బండి తోలేవాడు ఈ ఊళ్ళో ఇంకొకడు దొరకడు" అన్నాడు. మిగతా డ్రైవర్లు తలలూపారు.

స్టేషన్ మెట్ల ముందు కూర్చున్నాం. మెవ్లిదా ఒళ్ళో మర పెట్టుకుని గింజలు పొడి చేసింది, కాఫీ కాచింది. జెజ్వా, ఖాళీ కప్పు, ఒక లోకుమ్ మిఠాయి ముక్క పళ్ళెంలో సర్ది, మెట్లెక్కి తలుపు కొట్టింది. తీసింది ఆ జెజ్వాలు తన్నిన పోలీసే.

"లోపలున్న రద్మిలాకి ఇయ్యి. ఇది మొదటి కాఫీ అని చెప్పు. తనే వంపుకోవాలని చెప్పు" అంది మెవ్లిదా.

వాడు వెనక్కి తిరిగి లోపలికి చూశాడు. తర్వాత పళ్ళెం రెండు చేతులతో అందుకున్నాడు.

మెవ్లిదా దిగొచ్చి పీట మీద కూర్చుంది. మళ్ళీ మర తిప్పడం మొదలెట్టింది. ఇంకా తవ్వలేదు, ఇంకా ఎల్మెద్ దొరకలేదు, ఆ సంగతి ఆమెకి మా అందరికంటే బాగా తెలుసు. కాసేపటికి చెయ్యి నొప్పెట్టి ఆపింది.

మర చప్పుడు ఆగలేదు. షెడ్లు ఇక్కడికి చాలా దూరం. నెమ్మదిగా తల తిప్పి చూశాను. వీధి పొడుగునా, మసీదు వైపూ చర్చి వైపూ, గుమ్మాల్లో, కిటికీల్లో, మేకు కొట్టని ఆ గోడల ముందు, ఊరి ఆడవాళ్ళంతా కూర్చుని కాఫీ మరలు తిప్పుతున్నారు.